హార్ట్‌మన్స్ గ్యాప్‌లో వనభోజనాలు

పోయిన కార్తీకం నుంచీ మజ్జిగ చూస్తే నాకు సిగ్గేస్తోంది. ఈ మాట అంటే మా గిరిజగారు కూడా నవ్వరు. ఆ మజ్జిగ చేసింది ఆవిడే మరి.

మొదలైంది మాత్రం అక్టోబర్‌లో, మా అమ్మాయి వేద స్కూల్ ప్రాజెక్టుతో. వేద పదకొండో క్లాసు. ఏదైనా పాత ఊరికి వెళ్ళి, అక్కడి కట్టడాలు చూసి, వాటి గురించి రాయమన్నారట. న్యూజెర్సీలో మేముండే ప్లెయిన్స్‌బరో నుంచి రెండు గంటల డ్రైవ్‌లో, పెన్సిల్వేనియా కొండల్లో, హార్ట్‌మన్స్ గ్యాప్ అని ఒకప్పటి బొగ్గుగనుల ఊరు ఉందని తనే వెతికి పట్టుకుంది. ఆకులు రంగులు తిరిగే సీజను, ఎలాగూ ఎక్కడికో వెళ్ళి ఫొటోలు దిగాలి కదా అని ఫణి ఒప్పుకున్నాడు. ఫణి మా ఆయన. ఒక ప్రయాణంలో రెండు పనులు కలిసిరాకపోతే కారు తియ్యడు.

ఊరంతా కలిపి ఒకటే పెద్ద వీధి. కంపెనీ వాళ్ళు నడిపిన కొట్టు ఇప్పుడు మ్యూజియం. కూలీలకి కట్టించిన ఇళ్ళు ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే అచ్చు. సగం ఇళ్ళకి కొత్త రంగులు, సగం ఇళ్ళ కిటికీలకి ప్లైవుడ్ చెక్కలు. వెనక కొండలోకి గని సొరంగం. టూరిస్టులని చిన్న రైలు పెట్టెలో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్తారు. కొండ వాలులో ఒక చిన్న చెక్క చర్చి. ఇవన్నీ చూపించే మనిషి మార్జ్. డెబ్భై దాటి ఉంటాయి. ఎర్ర జాకెట్టు, మెడలో తాళాల గుత్తి, ఆపకుండా మాటలు. చర్చి ఎప్పుడు కట్టారో చెప్పిన ప్రతిసారీ సంవత్సరం మారిపోయేది. వేద పెన్ను పట్టుకుని గట్టిగా అడిగితే, "చాలా పాతది. అలా రాసుకో చాలు," అంది. నాకు ఆ మనిషి అక్కడికక్కడే నచ్చేసింది.

చర్చి తలుపు మీద, గడియకి కాస్త పైన, ఒక అరచెయ్యంత మేర చెక్క గుంటపడి, నల్లగా నిగనిగలాడుతోంది. గనిలోకి దిగేముందు లోపలికెళ్ళి ప్రార్థన చేసుకునే తీరిక ఎవరికుంటుంది? దారినపోతూ అక్కడ ఒకసారి చెయ్యి ఆనించి వెళ్ళేవాళ్ళట. తరాల తరబడి బొగ్గు చేతులు.

"మా తాత చెయ్యి కూడా ఇందులో ఉంది," అంది మార్జ్.

"ముట్టుకోవచ్చా?" అన్నాను.

"ముట్టుకోడానికే ఉంది."

నేను చెయ్యి ఆనించి, అలవాటు కొద్దీ కళ్ళకద్దుకున్నాను. మార్జ్ నా వంక చూసి, "మా అమ్మ కూడా ఇంతే. కాకపోతే ఆవిడ ముద్దు పెట్టుకునేది," అంది. నా పేరు జ్ఞానప్రసూన. ఇంగ్లీషులో రాసి చూపిస్తే ఆవిడ మొదటి అక్షరం దగ్గరే చేతులెత్తేసి, ఆ రోజు నుంచీ నన్ను 'జీ' అని పిలవడం మొదలుపెట్టింది. కంపెనీ కొట్టు అరుగు మీద కూర్చుని మా పులిహోర తింది. ఎండుమిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకొంచెం పెట్టమంది.

వెళ్ళేటప్పుడు, "మీ వాళ్ళందర్నీ తీసుకురా జీ. చలి మొదలైతే ఈ ఊరి మొహం ఎవరూ చూడరు," అంది.

తీసుకెళ్ళాను. అదే నేను చేసిన పని.

మా వాళ్ళంటే పది పన్నెండు కుటుంబాలు. ఏటా కార్తీకంలో దగ్గర్లో ఏదో పార్కులో వనభోజనాలు పెట్టుకుంటాం. ఈసారి పార్కు దొరక్క పెద్దమనిషి ధర్మారావుగారు తల పట్టుకుంటే, నేనే హార్ట్‌మన్స్ గ్యాప్ పేరు చెప్పాను. చర్చి పక్కనే పచ్చిక ఉంది, టేబుళ్ళున్నాయి, పిల్లలకి గని చూపించవచ్చు. మార్జ్ ఊళ్ళో అడిగి అనుమతి ఇప్పించింది. ధర్మారావుగారు అమెరికా వచ్చి చాలా ఏళ్ళయింది. మా గుంపులో వీసా సంగతుల్లో లాయర్ చెప్పిందొకటి, ధర్మారావుగారు చెప్పిందొకటి అయితే, అందరం ఆయన చెప్పిందే నమ్ముతాం. గిరిజగారు ఆయన భార్య.

నవంబర్ ఆదివారం. ఎండ బాగానే ఉంది గానీ కొండ మీంచి ఒకటే గాలి. ఉసిరి చెట్టు లేదు కాబట్టి ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్టుని ఒక మేపుల్ చెట్టు మొదట్లో పెట్టి పూజ చేశాం. ఉసిరికాయల మీద దీపాలు పెడితే వెలిగించినవి వెలిగించినట్టే కొండెక్కిపోతున్నాయి. చిన్నవి పోతే పోయాయి. గిరిజగారు మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట నేతిలో నానబెట్టి, పెద్ద మట్టి ప్రమిదలో పెట్టి తెచ్చుకున్నారు.

"పౌర్ణమి రోజు ఆఫీస్‌లో రిలీజ్ ఉండి వెలిగించలేకపోయానమ్మా. ఏడాది దీపాలన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఇది కూడా మధ్యలో ఆరిపోతే ఇంక నా మనసు మనసులో ఉండదు," అని ఆవిడ దాదాపు ఏడుపు మొహం పెట్టారు.

"ఎందుకంత టెన్షన్ గిరిజగారూ? చర్చి వరండాలో పెడదాం. మూడు వైపులా గోడ, గాలి రాదు," అన్నాడు ఫణి. ప్రమిద తనే రెండు చేతులా పట్టుకెళ్ళి, తలుపుకి ఆనుకుని ఉన్న మూలలో పెట్టాడు. అక్కడ గాలి నిజంగానే లేదు. వత్తులన్నీ ఒక్కసారి అంటుకుని మంట జానెడు ఎత్తు లేచింది. అందరూ దండం పెట్టుకున్నారు.

"చెక్క కదా ఫణీ," అన్నాను.

"కింద ఏదన్నా పెట్టు."

నేను ఒక ఫాయిల్ ప్లేటు తెచ్చి కింద పెట్టాను. నా జాగ్రత్తకి నేనే మురిసిపోయి, రైలు వేళవుతోందని పిల్లల్ని పిలుచుకుని గని వైపు వెళ్ళిపోయాను. దీపాన్ని మనం ఆర్పం కదా. దానంతట అది కొండెక్కాలి. ఆ సంగతి అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

గని మొదట్లో మార్జ్ బుట్ట పట్టుకుని నిలబడింది. అగ్గిపెట్టెలు, లైటర్లు అన్నీ అందులో వెయ్యాలి. లోపలికి నిప్పు తీసుకెళ్ళడం ఒప్పుకోరు. ధర్మారావుగారు హారతి లైటర్ జేబులోంచి తీసి బుట్టలో వేస్తూ, "చూసిన్రా, డిసిప్లిన్ అంటే ఇదీ," అని పిల్లలకి చెప్పారు. అందరం వినయంగా తలలూపి రైలెక్కాం. మార్జ్ కూడా చివరి పెట్టెలో ఎక్కింది.

బయటికి వచ్చేసరికి పొగ వాసన. పరుగెత్తాం. మంట అప్పటికే ఆరిపోయింది. వంటల దగ్గర ఉండిపోయిన ఫణి మజ్జిగ డబ్బా మొత్తం ఎత్తి తలుపు మీద కుమ్మరించాడు. చలికి ప్రమిద పగిలిందో ఏమో, మండే నెయ్యి ఫాయిల్ ప్లేటు దాటి గడప మీదికి పారిందట. గడప, తలుపు సగం మేర కాలిపోయాయి. మాడిన చెక్క మీంచి మజ్జిగ, కరివేపాకు, కొత్తిమీర కారుతున్నాయి. నేను ముందు వెతికింది ఆ అరచెయ్యంత గుంట కోసం. అది ఎక్కడుండేదో కూడా తెలియలేదు. ఇప్పుడు అంతా నలుపే.

మార్జ్‌కి మోకాళ్ళ నొప్పులు. వెనకాల మెల్లిగా ఎక్కి వస్తోంది. ఆ కాస్త వ్యవధిలోనే మా పెద్దలు మీటింగు పెట్టేశారు.

"పోలీస్ రిపోర్ట్ అయిందంటే మంచిగుండదు ఫణీ. నీ గ్రీన్‌కార్డ్ అప్లికేషన్, ఫోర్ ఎయిటీ ఫైవ్, పెండింగ్‌ల ఉంది. రేపు ఇంటర్వ్యూల అడుగుతరు," అన్నారు ధర్మారావుగారు. గిరిజగారు ప్రమిద పెంకులు, ఫాయిల్ ప్లేటు చెత్త కవర్లో వేసి, పైన పేపర్ ప్లేట్లు కుక్కారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నేనూ చూడలేదు.

"ఆంటీ, దీపం ఏదీ?" అంది వేద.

మార్జ్ వచ్చింది. ఆయాసపడుతూ తలుపు చూసింది, ఖాళీ మజ్జిగ డబ్బా పట్టుకుని ఉన్న ఫణిని చూసింది. ఫణి తలుపు పైనున్న పాత లైటు వైపు వేలు చూపించి, "అక్కడి నుంచి స్పార్క్స్ వచ్చాయి," అన్నాడు. ఆ మాట ఎప్పుడు ఆలోచించుకున్నాడో నాకు తెలీదు. మార్జ్ ఒక్క మాటైనా అడగలేదు. వెళ్ళి ఫణిని గట్టిగా కావలించుకుంది. ఫణి చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి.

"మీరు లేకపోతే చర్చి మొత్తం పోయేది," అంది ఆవిడ, నా వైపు తిరిగి.

నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాటికి ఆ ఊరి ఫేస్‌బుక్ పేజీలో ఫణి ఫొటో వచ్చింది. భారతీయ కుటుంబాలు తమ భోజనంతో మంటలార్పి చర్చిని కాపాడాయని రాశారు. సాయంత్రానికి న్యూజెర్సీలో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి అది మళ్ళీ మాకే వచ్చింది, పైన జాతీయ జెండాలు, కింద నమస్కారాలు. మొదటి రెండు రోజులూ ఫణి ఫోన్ ఎత్తడానికి కూడా జంకాడు. మూడో వారానికి అలవాటు పడ్డాడు. థాంక్స్‌గివింగ్‌కి ఒకరింట్లో అందరం కలిస్తే, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెప్పాడు. నిప్పురవ్వలు నీలంగా ఉన్నాయన్నాడు. లైటు చిటచిటలాడిందన్నాడు. నేను అక్కడే నిలబడి, అందరికీ గారెలు వడ్డిస్తూ విన్నాను. ధర్మారావుగారు గిన్నెలోకే చూస్తూ తిన్నారు. అంతమందిలో నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది, ఫణి మీదనో నా మీదనో విడదీసి చెప్పలేను.

ఇంటికొచ్చాక ఫణి హుషారుగా, "వేదా, ఇదే నీ కాలేజ్ అడ్మిషన్ ఎస్సే. కమ్యూనిటీ, హెరిటేజ్, ఇమిగ్రెంట్ ఫ్యామిలీ, అన్నీ వచ్చేశాయి. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు.

వేద తండ్రి మొహంలోకి చూసి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ నవంబరంతా ఆ పిల్ల ఇంట్లో అడిగిన దానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తను ఒక్క మాట మాట్లాడలేదు. జూనియర్ ఇయర్ స్ట్రెస్ అని మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం.

డిసెంబర్ మొదట్లో మార్జ్ ఫోన్ చేసింది. నేను వంట చేస్తూ స్పీకర్‌లో పెట్టాను. ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడట. స్పార్క్స్ వచ్చాయంటే వైరింగ్ మొత్తం ప్రమాదమే అని, ఎవరూ లోపలికి వెళ్ళకూడదని చర్చికి ఎర్ర కాగితం అతికించి పోయాడట. కొత్త వైరింగ్ వెయ్యాలంటే గోడలన్నీ విప్పాలి. విప్పితే ఆ పాత చెక్క మళ్ళీ నిలబడదు. వసంతంలో కూల్చేద్దామని కౌన్సిల్ వాళ్ళు అనుకుంటున్నారట.

"మీరు తప్పకుండా రావాలి జీ. ఫైర్‌హాల్లో చిన్న మీటింగ్. మీకు థాంక్స్ చెప్పాలి. దానికి గుడ్‌బై కూడా అప్పుడే చెప్పేస్తాం," అంది. ఆ తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఫణి ఆఫీస్ నుంచి రాగానే చెప్పాను. బూట్లు విప్పకుండానే మెట్ల మీద కూలబడ్డాడు.

"ఇప్పుడెళ్ళి ఏం చెప్తాం? మంట పెట్టింది మేమే, అబద్ధమాడిందీ మేమే అనా? ఒక్క కేసు చాలు, ఇన్నేళ్ళ వెయిటింగ్ అంతా పోతుంది. వేద కాలేజ్ ఏమవుతుంది?" అన్నాడు.

"వాళ్ళు చర్చి కూల్చేస్తున్నారు ఫణీ."

"అది ఎలాగూ పాతదే కదా."

అన్నాక తనే తల దించుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. భయం. అది నాకు లేకపోతే కదా అతన్ని అనడానికి. "సరే, మీటింగ్‌కి వెళ్ళి, ఊరుకుని వచ్చేద్దాం," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పైనుంచి వేద గొంతు వినిపించింది. "మార్జ్ క్రై చేసింది ఫోన్‌లో. ఐ హర్డ్."

"నీకు తెలీదు వేదా. నాన్న వీసా..."

"నాకు తెలుసు అమ్మా. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. మీ కోసం." తలుపు వేసుకుంది. తలుపు గట్టిగా వేసుకున్నా బావుండేది. చప్పుడు కాకుండా వేసుకుంది.

మా తప్పుని మా పిల్ల మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది. అన్నం సయించలేదు. అయినా మీటింగ్‌కి పులిహోర చేసి పట్టుకెళ్ళాను. వట్టి చేతులతో ఎలా వెళ్తాం?

ఫైర్‌హాల్ అంటే ఫైరింజన్లు పక్కకి తీసి కుర్చీలు వేసిన పెద్ద షెడ్డు. ఊళ్ళో వాళ్ళు చాలామందే వచ్చారు, ఎక్కువమంది ముసలివాళ్ళే. మార్జ్ పచ్చ స్వెటర్ వేసుకుని, తల దువ్వుకుని, మా కోసం ముందు వరసలో కుర్చీలు పట్టి ఉంచింది. ధర్మారావుగారు, గిరిజగారు వెనక వరసలో కూర్చున్నారు. కౌన్సిల్ పెద్ద బ్రెనన్ అనే ఆయన చర్చి గురించి నాలుగు మాటలు చెప్పి, ఫణిని మైకు దగ్గరికి పిలిచాడు.

ఫణి బాగా మాట్లాడతాడు. "మా దేశంలో గుడి ఎవరిదైనా గుడే," అన్నాడు. చప్పట్లు. పక్క కుర్చీలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజు నిప్పురవ్వలు చూడగానే..." అని మొదలుపెట్టాడు.

వేద నా వైపు తిరిగింది. గొంతు తగ్గించుకోలేదు. అక్కడ తెలుగు ఎవరికి వస్తుంది కనక?

"అమ్మా, నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

తెలుగు వచ్చినవాడు మైకు దగ్గర ఉన్నాడు. ఫణి ఆగిపోయాడు. కూతురి వంక చూశాడు. హాలు మొత్తం అతను ఏం చెప్తాడోనని చూస్తోంది.

నేను లేచాను. ఇంగ్లీషులో పెద్దగా ఏమీ చెప్పలేదు. "అక్కడ స్పార్క్స్ ఏమీ రాలేదు. మేం ఒక దీపం పెట్టాం. వదిలేసి వెళ్ళిపోయాం. దాని వల్లే కాలింది," అన్నాను.

"పెట్టింది నేను," అన్నాడు ఫణి. మైకు ముందే ఉన్నాడు కాబట్టి ఆ మాట హాలంతా మోగింది.

వెనకాల కుర్చీ కదిలిన చప్పుడైంది. ధర్మారావుగారు వాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఎవరైనా లేచి నాలుగు తిడితే బావుండునని ఎంత కోరుకున్నానో! మార్జ్ మా వైపు చూడలేదు. బ్రెనన్ వైపు తిరిగింది.

"అయితే వైరు కాదన్నమాట," అంది.

బ్రెనన్, "కాదు. అయితే ఇన్‌స్పెక్టర్‌ని మళ్ళీ చూడమని చెప్పాలి," అన్నాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకెవరో. అందరూ లేచి నిలబడ్డారు, ఒకళ్ళనొకళ్ళు భుజాలు తట్టుకున్నారు. మాకు కాదు ఆ చప్పట్లు. ఫణి మైకు వదిలి మా దగ్గరికి వచ్చేశాడు. మేం ముగ్గురం వాటి మధ్యలో తలలు వంచుకుని కూర్చున్నాం. అంత సిగ్గు నేను పుట్టి బుద్ధెరిగి పడలేదు.

తర్వాతి సంగతులు చెప్పేస్తాను. ఫణి తన లైసెన్సు, అడ్రసు బ్రెనన్‌కి ఇచ్చాడు. పోలీసు రిపోర్ట్ రాశారు. దాని వల్ల ఏమవుతుందో మాకింకా తెలీదు. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ చూసి ఎర్ర కాగితం తీసేశాడు. కూల్చడం లేదు. మా గుంపు వాళ్ళు ఉగాదికి మమ్మల్ని పిలవలేదు. వేద ఇప్పుడు తండ్రితో మాట్లాడుతోంది, కొంచెం కొంచెం. ఎస్సే మాట ఎవరం ఎత్తం.

ఆ రోజు వెళ్ళిపోయే ముందు కాఫీ టేబుల్ దగ్గర మార్జ్ ఒక్కతే దొరికింది. సారీ చెప్పాను. చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆవిడ కప్పులో చెంచా తిప్పుతూ విన్నది. కోపంగా లేదు. దగ్గరగానూ లేదు.

"ఒక్కటే తెలీట్లేదు. బయట అంత జాగా ఉంది కదా. తలుపు దగ్గరే ఎందుకు పెట్టారు?" అంది.

"బయట గాలికి ఆరిపోతుందని."

"ఆరిపోతే ఏమవుతుంది?"

నేను వెతుక్కున్నాను. అపశకునమనీ, గిరిజగారి ఏడాది దీపాలనీ, దాన్ని మనం ఆర్పకూడదనీ, ఇంగ్లీషులో ఏ మాటతో మొదలుపెట్టాలో తోచలేదు. తోచినా, ఆవిడ తాత చెయ్యి కాల్చేసి, ఆవిడ ముందు నిలబడి, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

"ఏమీ కాదు. మళ్ళీ వెలిగించుకునేవాళ్ళం," అన్నాను.